బూడిదరంగు బెల్టు

సోమవారం

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఎడమచేత్తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ కొడుతున్న ఉత్తరం. దీవెనలు రాయను. వాటితో ఎవరి కడుపైనా నిండగా నేను చూడలేదు. క్షేమంగా ఉండు, చాలు. మీ ఆఫీసులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి, నువ్వు చెప్పినట్టే ఈ కంప్యూటర్ ఆటలో ఉన్న పోస్టుపెట్టెలో వేస్తున్నాను. సాయంత్రం ఆట తెరిచినప్పుడు చూసుకో.

మణికట్టు విరిగి ఆరు వారాలు ఇంట్లో కూర్చోవాలంటే నాకు పిచ్చెక్కుతుందని నువ్వు ఈ ఆట పెట్టిచ్చావు. మంచిదే. అందులో కుట్టుపని ఉందన్నావు, అదీ మంచిదే. అయితే ఇరవై ఎనిమిదేళ్ళు ఫ్యాక్టరీలో అరవై పొరల గుడ్డని ఒక్క వంకర లేకుండా కోసిన మనిషిని నేను. నన్ను పట్టుకుని 'కుట్టుపని: లెవెల్ ఒకటి' అంటుందా ఇది? పోనీ, నేర్చుకుందామంటే ఏం నేర్పుతారు? నారబట్ట బెల్టు. అది కుట్టాక మళ్ళీ బెల్టు. అరవై బెల్టులు కుడితే గాని చేతితొడుగు కుట్టనివ్వరట. బెల్టులు కుడితే బెల్టులే వస్తాయిరా, చేతితొడుగులు ఎలా వస్తాయి? ఈ నియమం పెట్టినవాడు పుట్టి బుద్ధెరిగి సూదిలో దారం ఎక్కించి ఉండడు.

ఇంకో దారుణం. కుడుతుండగా ఒక్క అడుగు కదిలితే పని ఆగిపోతుంది. గుంజకి కట్టేసినట్టు నిలబడాలి. మా సూపర్‌వైజర్ కూడా దాహమేస్తే వెళ్ళనిస్తాడు.

అన్నిటికంటే నా మనసు కలిచివేసింది ఆ మేస్త్రీ. బట్టల కొట్టు దగ్గర నిలబడి అందరికీ పని నేర్పుతాడు. నిన్న పొద్దున చూశాను, నిలబడే ఉన్నాడు. రాత్రి చూశాను, ఇవాళ పొద్దున చూశాను, అదే చోట. కూర్చోడానికి ఒక స్టూలు లేదు. షిఫ్టు మారదా అని అడిగితే, 'స్వాగతం, ప్రయాణికురాలా' అన్నాడు. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ అదే మాట. అంత భయపెట్టి పెట్టారు మనిషిని.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క.: నా బొమ్మని పొడుగు చెవులతో, సన్నటి నడుముతో పెట్టావు. మీ మామయ్య చూసి, 'మన పెళ్ళప్పుడు కూడా ఇంత సన్నగా లేవే' అన్నాడు. ఇవాళ ఆయన భోజనం ఆయనే వడ్డించుకున్నాడు.


మంగళవారం

అత్తయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి భయమేసింది. అందుకే కొన్ని సంగతులు ముందే చెప్పేస్తున్నాను.

ఆ మేస్త్రీ మనిషి కాదు అత్తా. వెనక ఎవరూ లేరు. ఆటవాళ్ళు నిలబెట్టిన బొమ్మ. గుర్తు చెబుతాను విను: కదలకుండా, జవాబివ్వకుండా, ఊరికే చేతులాడిస్తూ నిలబడ్డవాళ్ళంతా బొమ్మలే. వాళ్ళ కోసం ఎవరితోనూ పోట్లాడకు.

ఇక అసలు సంగతి. మా ఆఫీసు టీము అంతా కలిసి ఈ ఆటలో ఒక గిల్డ్‌గా, అంటే ఒక జట్టుగా ఆడుతున్నాం. గిల్డ్‌కి పెద్ద మా మేనేజరే. 'కలిసి ఆడితే కలిసి పనిచేస్తారు' అని ఆయన సిద్ధాంతం. వచ్చే శనివారం పెద్ద డ్రాగన్ మీదికి వెళ్ళాలి. అది మంటలు కక్కుతుంది. పన్నెండు మందికి పన్నెండు నిప్పుకోట్లు కావాలి. అవి కుట్టాలంటే కుట్టుపనిలో నూట యాభై లెవెల్ ఉండాలి. మాలో ఒక్కడికీ కుట్టు రాదు. 'మా అత్తయ్య ఉంది' అని మీటింగులో నోరు జారాను. మేనేజరు నా పేరు రాసుకున్నాడు.

నా ప్రొబేషన్‌లో పదకొండు నెలలు అయిపోయాయి. ఈ నెలాఖరుకి పర్మనెంట్ చేస్తారో ఇంటికి పంపిస్తారో తేలుతుంది. కాబట్టి కోట్లు కుట్టిపెట్టు అత్తా, గొడవ మాత్రం పెట్టకు.

ఇట్లు
నీ మేనల్లుడు

తా.క.: గొడవ పెట్టకు అని రెండోసారి రాయడానికే ఈ తాజా కలం.


గురువారం

చిరంజీవి మేనల్లుడికి,

గొడవ పెట్టలేదు. ఆలోచించాను. రెంటికీ తేడా తెలియనివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్ళలో నువ్వొకడివి కావద్దు.

పని సంగతి ముందు. అరవై బెల్టులు కుట్టాను. అరవయ్యోది దాటగానే బెల్టు పేరు బూడిదరంగులోకి మారిపోయింది. ఇంకెన్ని కుట్టినా నీ నేర్పు ఇసుమంత పెరగదు, వేరే పని చూసుకో అని దాని అర్థమట. ఎదుటి కొట్లో దారం అమ్మే పిల్ల చెప్పింది, ఆమె మనిషే. ఇది ఒక్కటీ నాకు నచ్చింది. మా ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు కాజాలే కుట్టించి, అక్కడే రిటైర్ చేసి పంపుతారు. రంగు కూడా మార్చరు.

ఆ అరవై బెల్టులు ఏం చేసుకోను? కోట గుమ్మం దగ్గర నిలబడి, కొత్తగా వచ్చి ఉత్త నిక్కర్లతో తిరుగుతున్న పిల్లలకి పంచేశాను. ఒకడు 'బదులు ఏమివ్వాలి' అని అడిగాడు. ఏమీ వద్దు, ఒంటరిగా తిరక్కండి అన్నాను. ఇప్పుడు నా వెనక పదిహేడు మంది తిరుగుతున్నారు. రోజూ బట్ట తెచ్చి కుప్ప పోస్తున్నారు. చేతితొడుగులు అయ్యాయి, చొక్కాలు అయ్యాయి, నూట ముప్పై దాటాను.

ఇక నీ సంగతి. పదకొండు నెలలు నిన్ను చూసినవాడికి పన్నెండో నెలలో కొత్తగా ఏం కనబడుతుందిరా? ఈ శనివారం ఏమిటి? ఆ పెద్ద బల్లిని చంపడం పనైతే ఓవర్‌టైం ఇవ్వమను. ఆటైతే రానివాడిని అడగొద్దను. పనీ కాదు, ఆటా కాదు, కానీ రాకపోతే ఊరుకోం అంటే దానికి మా రోజుల్లో వేరే పేరుండేది. కోట్లు ఇచ్చేముందు ఈ మాట మీ మేనేజరుకి చెప్పి తీరాలి. నువ్వు నోరు మెదపవు కాబట్టి నేనే ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క.: భయపడకు, ఇంకా ఎవరికీ చెప్పలేదు. రిహార్సల్ మాత్రమే చేశాను. మేస్త్రీ పక్కన కొత్తగా ఇంకో బొమ్మని నిలబెట్టారు: బారెడు గడ్డం, ఎర్ర బూట్లు, మనిషి మూరెడు. మేస్త్రీలాగే చేతులాడిస్తాడు, పలకరిస్తే పలకడు. వాడి ముందు నిలబడి మొత్తం ఇరవై నిమిషాలూ చెప్పాను. నా జన్మలో అంత శ్రద్ధగా విన్నవాడు లేడు.


గురువారం, సాయంత్రం

అత్తా,

ఎర్ర బూట్లా? గడ్డంలో వెండి ఉంగరం ఉందా? ఆ మరుగుజ్జు బొమ్మ కాదు. మా మేనేజరు.

ఏం చెప్పావు? నా పేరు చెప్పావా? అక్షరం వదలకుండా రాయి.

నీ మేనల్లుడు

తా.క.: 'మూరెడు' అని వాడి మొహం మీదే అన్నావా?


శుక్రవారం

చిరంజీవి మేనల్లుడికి,

ఉంగరం ఉంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ పేరు చెప్పలేదు. 'మా అన్నయ్య కొడుకు, పదకొండు నెలలుగా ప్రొబేషన్, కోట్లు కుట్టే అత్తయ్య ఉందని మీటింగులో ఒప్పుకున్న అమాయకుడు' అన్నాను. పేరు చెప్పకపోయినా ఒకటే అంటావా? అనే ఉంటావు. బూడిదరంగు సంగతి చెప్పాను. ఓవర్‌టైం సంగతి చెప్పాను. 'ఒకే పని చేయిస్తూ నీకింకా రాలేదు, నీకింకా రాలేదు అనేవాడు నేర్పేవాడు కాదు, వాడుకునేవాడు' అన్నాను. చివర్లో కాస్త వేగం ఎక్కువై, 'నీలాంటి బొమ్మని మేనేజరుగా కూర్చోబెట్టినా తేడా తెలియదు' అని కూడా అన్నాను. మూరెడు అనలేదు. జానెడు అన్నాను.

నిన్న నాకు నిద్ర పట్టలేదు. నేను మేనేజర్లతో మాట్లాడటం ఇది మొదటిసారి కాదు. గేటు బయట ఎండలో నిలబడి మాట్లాడాను, పోలీసుల ముందు మాట్లాడాను. ఎప్పుడూ నా ఉద్యోగం పణంగా పెట్టే మాట్లాడాను. ఇంకొకరిది పెట్టి, వాళ్ళని అడక్కుండా మాట్లాడటం ఇదే మొదలు. అది తప్పు. నెలాఖరుకి నువ్వు పెట్టె సర్దుకుని వస్తే మా అన్నయ్య మొహం ఎలా చూడను?

కోట్లు ఇవ్వకుండా సమ్మె చేద్దామనుకున్నాను. మానుకున్నాను. సమ్మె అంటే చేసేవాళ్ళంతా చేతులెత్తి ఒప్పుకోవాలి, నువ్వు ఎత్తలేదు. పదిహేడు మందీ బట్ట తెచ్చిచ్చారు, పన్నెండు నిప్పుకోట్లూ ఈ ఉత్తరంతో జత చేశాను. అంచులు చూడు, ఎక్కడా ఒక్క పోగు లేచి ఉండదు. మీ మేనేజరుకి చెప్పు: బొమ్మ అన్నందుకు ఆవిడ క్షమాపణ అడిగింది, మిగతాదాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోనంది.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క.: కోటుకి లోపల జేబు లేదు. నా తప్పు కాదు, ఆటలో లేదు. జేబు లేని బట్ట కుట్టించేవాడు ఎప్పుడూ యజమానే.


సోమవారం

అత్తయ్యకి నమస్కారాలు.

కుర్చీలో కుదురుగా కూర్చుని చదువు. ఉద్యోగం పోలేదు. అలాగని రాలేదు కూడా.

శనివారం మేనేజరు రాలేదు. గిల్డ్ మొత్తానికీ ఒక్క ముక్క రాసి పంపాడు: 'ఇది ఆట. రానివాళ్ళని అడగను.' మాకేం అర్థం కాలేదు. తొమ్మిది మందిమి ఎవరి ఇష్టంతో వాళ్ళం నీ కోట్లు వేసుకుని వెళ్ళాం. కోట్లకి చిన్న మరక కూడా అంటలేదు. బల్లి మమ్మల్ని తోకతో కొట్టి చంపింది. ఈ పదకొండు నెలల్లో ఓడిపోయి నవ్వుకోవడం అదే మొదటిసారి.

ఈ పొద్దున నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నేను రాజీనామా ఎలా మొదలుపెట్టాలో లోపల వల్లించుకుంటున్నాను.

"ఆ పొడుగు చెవులావిడ నీకేమవుతారు?" అన్నాడు.

"మా మేనత్తండి."

"రంగు మారడం గురించి ఏదో అన్నారు. అది ఇంకోసారి చెప్పు."

చెప్పాను. తర్వాత తెలిసింది అత్తా: ఆయన ఆ కొట్టు దగ్గర నిలబడింది నిఘాకి కాదు. కుట్టుకోడానికి. గిల్డ్‌కి పెద్ద అయ్యుండి బెల్టులు కుడుతున్నాడని ఎవరికీ తెలియకూడదని గప్‌చుప్‌గా కుడుతున్నాడు. కదిలితే పని ఆగిపోతుందని కదల్లేదు. నువ్వు చెప్పిన ఇరవై నిమిషాల్లో ముప్పై బెల్టులు కుట్టాడట. మొత్తం నాలుగు వందలు. అరవై తర్వాత లెవెల్ ఎందుకు పెరగడం లేదో ఆయనకి అంతుబట్టలేదు. అడుగుదామంటే హోదా అడ్డం.

అప్పుడు సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. ఆయన ఉద్యోగపు కాగితమే. 'తాత్కాలిక మేనేజరు, ఆరు నెలల పాటు' అని ఉంది. దాని తారీఖుకి నాలుగేళ్ళు నిండాయి. "నిన్ను పర్మనెంట్ చేయాలంటే పర్మనెంట్ మేనేజరు సంతకం కావాలయ్యా. నిన్ను తీసేయాలన్నా అంతే. ఆ సంతకం నా దగ్గర లేదు. ఇన్నాళ్ళూ ఉన్నట్టు నటించాను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే మూరెడు కనిపించాడు అత్తా. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం మా టీములో అందరం ఆయన గదిలోనే కూర్చున్నాం. ఈ పర్మనెంట్ సంగతి తేల్చమని పైవాళ్ళకి ఒక అర్జీ పెట్టాలని తేలింది. ఈసారి చేతులెత్తమన్నారు. ఎత్తాను, అందరికంటే ముందు. అర్జీ నువ్వు రాసిపెట్టాలి. నీ ఉపన్యాసం ఉన్నది ఉన్నట్టుగా పెడితే చాలని మేనేజరు అంటున్నాడు, జానెడు ఒక్కటీ తీసేసి.

ఇట్లు
నీ మేనల్లుడు

తా.క.: నాలుగు వందల బెల్టులు ఈ ఉత్తరంతో జత చేశాం. గుమ్మం దగ్గర పంచమన్నాడు. చేతితొడుగులు ఎలా మొదలుపెట్టాలో చెబుతావా అని కూడా అడగమన్నాడు.

ఇంకో తా.క.: అర్జీ కింద మొదటి సంతకం ఆయనదే. పక్కన హోదా ఏమని రాయాలండీ అని అడిగాను. 'బొమ్మ అని రాసెయ్' అన్నాడు. రాశాను. తర్వాత ఆయనే కొట్టేసి, తన చేత్తో 'ఉద్యోగి' అని రాసుకున్నాడు.