గుప్పిటకు లేచిన దూది

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బీకాం చదివిన నీ కూతురు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూనే ఉంది. ఈలోగా పొన్నూరులో ఇల్లిల్లూ తిరిగి అయస్కాంతం పరుపులు అమ్ముతున్నాను. వాటిమీద పడుకుంటే చాలు, షుగరు, మోకాళ్ల నొప్పులు పోతాయట. నవ్వకు.

ఈ ఉదయం నాకు పని నేర్పే లీడరుతో ఒక మామ్మగారింటికి వెళ్లాను. కంఠతా పట్టిన మాటలన్నీ అప్పజెప్పాక, ఆవిడ తన మంచం మీది పాత పరుపు చూపించి, "అయితే దీన్ని పారేయమంటావా అమ్మాయ్?" అంది.

దాని మూలల్లో ఎర్రదారంతో రెండేసి ముళ్లున్నాయి. అలా వేసేది నువ్వొక్కడివే. పరుపు అప్పగించేముందు నువ్వు చేసినట్టే గుప్పిటతో నొక్కి వదిలాను. దూది మెల్లగా పైకి లేచింది. కింద పరిచిన మా పరుపునూ నొక్కాను. గుప్పిట నేలకు తగిలింది.

"పారేయకండి మామ్మగారూ. దూది మళ్లీ ఏకించి కొత్త గుడ్డ వేయిస్తే ఇంకో పదేళ్లు పడుకోవచ్చు. మా పరుపుతో ఏ రోగమూ పోదు," అన్నాను.

వీధిలోకి రాగానే లీడరు నామీద ఎగిరిపడ్డాడు. "కుదిరే బేరం చెడగొట్టావు! పరుపులు కుట్టేవాడి కూతురివి, నీకింతకంటే మంచి ఉద్యోగం ఎవడిస్తాడు?"

"ఆ పరుపు కుట్టింది మా నాన్నేనండీ. మీది మీరే మోసుకోండి," అని శాంపిల్ పరుపు అతని చేతుల్లో పెట్టి బస్సెక్కాను.

ఇంటికొచ్చి గుంటూరులో ఒక ఉద్యోగానికి దరఖాస్తు నింపాను. తండ్రి వృత్తి అన్నచోట ఇన్నాళ్లూ 'వ్యాపారం' అని రాసేదాన్ని. ఈసారి 'దూదేకి పరుపులు కుట్టేవాడు' అని రాశాను. గడి చిన్నది, అక్షరాలు గీత దాటి బయటికొచ్చాయి.

రానీ.