నీళ్లపొయ్యి పక్కన ఆయిలు డబ్బా

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పెనుకొండలో చలి అట్లే ఉంది. ఈ చలికాలంలో బావి దగ్గరి ఇంజను కదలడం లేదని, అమ్మేద్దామని చిన్నాయన పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు.

నువ్వు రోజూ సాయంత్రం ఇంజనులోని ఆయిలు డబ్బాలోకి దించి నీళ్లపొయ్యి పక్కన పెట్టేవాడివి. లేకుంటే తెల్లారేసరికి చిక్కబడిపోయేది. అలా చిక్కబరిచేది ఆయిల్లోని మైనమే. బొంబాయిలో నేను పనిచేసే ల్యాబులో దాన్ని ముందే తీసేస్తాం. ఆయిల్లో ద్రావకం కలిపి బాగా చల్లబరిస్తే నూనె అందులో కరిగే ఉంటుంది, మైనం మాత్రం పలుకులు కడుతుంది. వడకట్టి వేడి చేస్తే ద్రావకం ఆవిరై నూనె మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడతాం.

అలాంటి ఆయిలు తెచ్చి నిన్ననే ఇంజనులో పోశాను. ఈ పొద్దున చలిలోనే హ్యాండిలు తిప్పితే ఇంజను అందుకుంది.

"నువ్వు బొంబాయికి పోతే ఎవరు తిప్పేదమ్మా?" అన్నాడు చిన్నాయన.

"నేను తిప్పుతా" అంది అమ్మ.

ఇంటికొచ్చి చూస్తే నీ ఖాళీ డబ్బా పొయ్యి పక్కనే ఉంది. దాంతో ఇంక పని లేదమ్మా అన్నాను.

"తెలుసు. అది ఆడనే ఉండనీ" అంది.