కాజా తక్కువైన రాతి చొక్కా

మ్యూజియం వెనక సందులో టైలరింగ్ షాపు నడిపినదాన్ని, శిల్పిగారి భార్యని, ఒక్కగానొక్క కొడుక్కి తల్లిని అయిన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతం గానీ బెదిరింపు గానీ బుజ్జగింపు గానీ లేకుండా, నా తదనంతరం జరగవలసిన ఏర్పాట్లను ఈ కింది విధంగా రాయిస్తున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందని ఎవరైనా పట్టుకొస్తే అది దొంగది.

"పూర్తి తెలివిలో" అనగానే లాయరుగారు కలం ఆపి నా మొహంలోకి చూశారు. ఆయన్ని తప్పు పట్టను. మతిమరుపు జబ్బు మొదలైందని, నెమ్మదిగానే వస్తుంది గానీ రావడం మాత్రం మానదని మా డాక్టరమ్మ చెప్పింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం ఎవరికైనా ఉన్నదే. నేను నా షాపులో, నా మిషను ముందు నిలబడి, తెల్లదారం ఏ డబ్బాలో ఉంటుందో మరిచిపోయాను. అది నేను మరిచిపోయేది కాదు. ఆ రోజు స్టూలు మీద కూలబడి ఏడ్చాను, రాయడానికి సిగ్గేమీ లేదు. మర్నాడే లాయరుగారికి కబురు పెట్టాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ప్రస్తుతానికి దీపం బాగానే వెలుగుతోంది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి నాతో ఓసారి పోట్లాడి చూసుకోవచ్చు.

1. నా కుట్టుపని సంపాదనతో కొన్న ఇల్లు, ముందు గదిలోని షాపుతో సహా, నా కొడుక్కీ కోడలికీ సమాన హక్కులతో చెందవలెను. ఇద్దరి పేర్లూ ఎందుకంటే, వాడొక్కడి పేర రాస్తే అలిగినప్పుడల్లా "ఇది నా ఇల్లు" అంటాడు. వాళ్ళ నాన్నా అంతే. ఇల్లు నాది, అలక ఆయనది.

2. కాలితో తొక్కే కుట్టుమిషను కోడలికి మాత్రమే. ఆ పిల్లకి కుట్టడం రాదని నాకు తెలుసు, ఇప్పుడు నేర్చుకోమనీ అనను. ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే, మిషను చప్పుడు లేక ఇల్లు బావురుమంటోందని, దారం కూడా ఎక్కించకుండా ఊరికే తొక్కుతూ కూచుంది. ఆ చప్పుడుకే నాకు నిద్ర పట్టింది. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. నా కొడుకు మంచివాడే గానీ, ఎవరైనా రెండు మంచి మాటలు చెబితే కరిగిపోతాడు. కోడలు కరగదు.

3. నా పెద్ద కత్తెర మా చెల్లెలికి. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోయకే అని దాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వింటేనా? నేను అటు తిరగ్గానే పుస్తకాలకి అట్టలు కోసింది. ఇప్పుడిక దాని ఇష్టం, రేకులు కోసుకోమనండి. అదే చెల్లెలు, మా ఆయన పోయినప్పుడు నా పక్కన పడుకుని, నేను లేచి కూచున్నప్పుడల్లా తనూ లేచి కూచుంది. అందుకని కత్తెరతో పాటు నా ఉన్నిశాలువా కూడా దానికే.

4. మ్యూజియంలో గుమ్మం దగ్గరుండే గార్డుకి, నేను స్వయంగా కుట్టిన దూదిమెత్త. నిలబడే ఉద్యోగం కదా, కూచునే ఆ కాసేపైనా సుఖంగా కూచోమని. మా పరిచయం ఎలా మొదలైందో చెబితే నవ్వుతారు. మా ఆయన చెక్కిన నా విగ్రహాన్ని మ్యూజియంలో పెట్టిన రోజున, షాపు మూసి, ఒంటి మీద దారప్పోగులతోనే పరిగెత్తాను. ఇతనే ఆపాడు. ఎవరమ్మా నువ్వు, ఏం పని అన్నాడు. లోపల నేను రాయినై దర్జాగా కూచుని ఉన్నాను, బయట నన్ను పట్టుకుని ఎవరని అడుగుతున్నాడు! ఇప్పుడతను గుమ్మంలో ఎవరినీ ఎవరని అడగడు. రండి రండి అంటాడు, చెప్పులు బయట విడిచి వచ్చే కూరగాయలామెని కూడా, ఫరవాలేదమ్మా, వేసుకునే రండి అంటాడు.

5. ఇక అసలు సంగతి, విగ్రహం.

నల్లరాతి విగ్రహం. స్టూలు మీద నేను, నా ఒళ్ళో కుడుతున్న మగవాళ్ళ చొక్కా. ఇది నా ఆస్తి. మ్యూజియం వాళ్ళకి నలుగురికీ చూపించడానికి ఇచ్చిందే తప్ప రాసిచ్చింది కాదు.

ఆ చొక్కాకి ఒక గుండీ ఎక్కువ ఉంటుంది. సరిగ్గా చెప్పాలంటే, ఒక కాజా తక్కువ. మా ఆయన నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని, నేను ఆయన కోసమే కుడుతున్న చొక్కా చూస్తూ చెక్కాడు. గుండీలన్నీ కుట్టేశాను, కాజాలు కోస్తున్నాను, ఆఖరిది ఒకటి మిగిలింది. అంతలో షాపులోకి గిరాకీ వచ్చింది, లేచాను. నేను తిరిగొచ్చేసరికి మహానుభావుడు ఉన్నది ఉన్నట్టు చెక్కేశాడు! అదేమిటయ్యా, ఆ గుండీ ఎక్కడ పెట్టుకోవాలి అంటే, నువ్వు మధ్యలో ఎందుకు లేచావు అన్నాడు. తప్పు ఆయనదా నాదా అన్నది ఆయన పోయేదాకా తేలలేదు. మాకు పోట్లాటకి వేరే విషయం అక్కర్లేకపోయింది.

ఆయన పోయాక నేను షాపు తెరవలేదు. తల దువ్వుకోలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి, నీకు మందు రాయను, గురువారం పొద్దున్నే మ్యూజియంకి వెళ్ళి కూచో అంది. తనూ మ్యూజియం వాళ్ళూ కలిసి అక్కడ ఒక గది ఏర్పాటు చేశారు. మతిమరుపు వచ్చినవాళ్ళు, వాళ్ళని చూసుకుంటూ అలిసిపోయినవాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తోచనివాళ్ళు, ఊరికే ఒంటరిగా ఉన్నవాళ్ళు, ఎవరైనా రావచ్చు. టికెట్టు లేదు. బొమ్మల గురించి ఏమీ తెలియనక్కర్లేదు. చుట్టూ కుర్చీలు, మధ్యలో నా విగ్రహం. ముట్టుకోవచ్చు.

నేను ముట్టుకోలేదు. గోడ వైపు కూచున్నాను. నా పక్కన రిటైరైన హెడ్‌మాస్టారు ఒకాయన, ఆయన భార్య. ఆయన మాట్లాడి నెలలైందిట, భార్యని కూడా పోల్చుకోవడం లేదు. ఆవిడ ఆయన చెయ్యి తీసి రాతిచొక్కా మీద పెట్టింది. ఆయన కాలరు దగ్గర మొదలుపెట్టి ఒక్కో గుండీ తడుముతూ, దాని ఎదుటి కాజా తడుముతూ కిందకి వచ్చారు. ఆఖరి గుండీ దగ్గర ఆగారు. ఎదురుగా వెతికారు. మళ్ళీ వెతికారు. తర్వాత గది అంతా వినబడేలా, "తప్పు. మళ్ళీ చెయ్యి" అన్నారు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకేసారి నవ్వింది, ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చేస్తూనే ఉన్నానండీ, మధ్యలో గిరాకీ వచ్చింది అని గట్టిగా అరిచేశాను. అందరూ నా వైపు తిరిగారు, తర్వాత విగ్రహం వైపు, మళ్ళీ నా వైపు. ఇక చూస్కోండి, నవ్వులే నవ్వులు. మర్నాడు షాపు తెరిచాను.

కాబట్టి సదరు విగ్రహం నా తదనంతరం మ్యూజియంకే శాశ్వతంగా చెందవలెను.

ఇది రాయడం నాకు తేలిక కాలేదు. నా కొడుక్కి అది కావాలి. అమ్మ రూపం, నాన్న చెయ్యి, మా ఇంటి హాల్లో ఉండాలి అంటాడు. అందులో దురాశేమీ లేదు, నా మీద ప్రేమ. హాల్లో చోటు కూడా కొలుచుకున్నాడు. విగ్రహం కొలతలు తీసుకోవడానికి ఒక గురువారం జేబులో టేపు పెట్టుకుని వచ్చాడు. హెడ్‌మాస్టారు వాణ్ణి చూసి తన స్టూడెంటే అనుకున్నారు. చెయ్యి పట్టి లాగి పక్కన కూచోబెట్టుకున్నారు. వేలు పట్టుకుని గుండీల మీద నడిపించి, చెప్పు, ఇందులో తప్పేమిటో కనుక్కో అన్నారు. మావాడు పుట్టినప్పటి నుంచీ మా పోట్లాట విన్నవాడు, వాడికి తెలియదా? అయినా తెలియనట్టు చాలాసేపు వెతికి, చివరికి దొరికిందండీ అన్నాడు. భేష్ అన్నారాయన. టేపు జేబులోంచి తియ్యకుండానే ఇంటికొచ్చాడు. ఒరే నాన్నా, విగ్రహం ఇంట్లో ఉంటే నువ్వొక్కడివే చూస్తావు, దుమ్ము మీ ఆవిడ తుడుస్తుంది. అక్కడుంటే హెడ్‌మాస్టారికి వారం వారం భేష్ అనే పని ఉంటుంది.

6. అయితే ఊరికే ఇవ్వడం లేదు. షరతులు ఇవి:

విగ్రహం చుట్టూ తాడు కట్టరాదు, అద్దం బిగించరాదు, గురువారమే కాదు, ఏ వారమూ. మ్యూజియం డైరెక్టరుని నేను అద్దాలాయన అంటాను, కళ్ళకీ అద్దాలే, దేనికైనా అద్దాలే. ఎవరి తాళంచెవో తగిలి రాతి భుజం మీద గోరంత గీత పడితే, కొండంత చేసి చుట్టూ తాడు కట్టించాడు. ఆ గురువారం మావాళ్ళంతా తాడు బయట, మూసిన కొట్టు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. టెలిఫోను ఆఫీసులో పనిచేసే చూపు లేని అమ్మాయి చేతులు చాచి, ఏదీ, ఎక్కడికి పోయింది అని గాల్లో వెతుక్కుంది. అది చూశాక నాకు ఆగలేదు. తాడు దాటి వెళ్ళి విగ్రహం పక్కనే కూచున్నాను. లేపండి చూద్దాం అన్నాను. నిజం చెప్పాలంటే ఆయనా చెడ్డవాడేం కాదు. చేతుల చెమటకి రాయి అరుగుతుందమ్మా, రెండొందల ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకీ ఉండాలి కదా అని నెమ్మదిగానే చెప్పాడు. రాబోయేవాళ్ళ కోసం వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెడతారా అన్నాను. అరిగితే అరగనివ్వండి, నేనూ అరిగాను. అప్పటి నుంచి గురువారం మాత్రం తాడు తీస్తున్నాడు. బుధవారం వచ్చినవాడు ఏం పాపం చేశాడో?

చేతులు తగిలి నున్నబడి మెరిసే చోట్లని మరకలనుకుని మందులు పెట్టి తుడవరాదు.

కుర్చీలకి చేతులుండాలి. చేతుల్లేని కుర్చీలోంచి లేవడం ఎంత కష్టమో మోకాళ్ళు బాగున్నవాళ్ళకి తెలియదు.

విగ్రహం కింద కార్డు మార్చాలి. "అసంపూర్ణ శ్రమకు ప్రతీక" అని రాయించారు. ప్రతీకా లేదు, పాడూ లేదు, గిరాకీ వచ్చింది, లేచాను. "ముట్టుకోండి" అని పెద్ద అక్షరాలతో రాస్తే చాలు.

వీటిలో ఏది తప్పినా, విగ్రహాన్ని తీయించి బస్టాండు వెయిటింగ్ హాల్లో పెట్టించే పూర్తి అధికారం నా కోడలికి ఇస్తున్నాను. అక్కడైతే ఎవరూ చెప్పకుండానే ముట్టుకుంటారు.

7. ఆ అసలు చొక్కా, గుడ్డది, నా కొడుక్కి. ఆఖరి కాజా ఇప్పటికీ కోయలేదు. కోస్తే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టవుతుందని పంతం. మా ఆయనా పంతానికి ఆ గుండీ వదిలేసే వేసుకు తిరిగేవాడు. పెట్టెలో దాచకు, వేసుకో. కాజా మాత్రం ఎవరి చేతా కోయించకు.

8. డైరెక్టరుగారికి, కళ్ళద్దాలు తుడుచుకోవడానికి నేను అంచు కుట్టిన మెత్తటి గుడ్డ ఒకటి.

(ఈ ఎనిమిదో అంశం కొట్టివేయడమైనది. సాక్షి సంతకం చేసేవాళ్ళకి ఏమీ రాయకూడదని లాయరుగారు చెప్పారు. గుడ్డ కావాలా, సాక్షి సంతకం కావాలా అని అడిగితే, సంతకమే చేస్తానమ్మా అన్నాడాయన. ఆశ్చర్యపోయాను. సరే, ఎలా చెయ్యాలో కూడా చెప్పాను.)

9. ఈ అంశం చెల్లదని లాయరుగారు అంటున్నారు. వీలునామా అనేది మనిషి పోయాకే అమల్లోకి వస్తుందిట, బతికుండగా జరగాల్సినవి ఇందులో రాయకూడదట. ఏమండీ, నేను చావుకి ముందే పోయేలా ఉన్నాను కదా, ఆ పోవడానికి ఏ కాగితం రాసుకోవాలి అని అడిగాను. అలాంటి కాగితం ఏదీ లేదన్నారు. కాబట్టి రాయండి అన్నాను, రాస్తున్నారు. దీనికి కోర్టు బలం లేదు. నా కొడుకు మనసే దీనికి బలం.

నాన్నా, నేను నిన్ను పోల్చుకోలేని రోజు వస్తుంది. ఆ రోజు నన్ను ఇంట్లో కూచోబెట్టి, నేనెవరో చెప్పమ్మా, నా పేరేమిటి అని పరీక్షలు పెట్టకు. నాకు భయమేస్తుంది, నీకు ఏడుపొస్తుంది, ఇద్దరికీ లాభం లేదు. గురువారం నన్ను మ్యూజియంకి తీసుకెళ్ళు. చేతులున్న కుర్చీలో కూచోబెట్టి, నా చెయ్యి తీసి కాలరు మీద పెట్టు. మిగిలింది నా వేళ్ళు చూసుకుంటాయి. అవి ఆఖరి గుండీ దాకా వస్తాయి, కాజా కోసం వెతుకుతాయి, దొరకదు. అప్పుడు నాకు కోపం వస్తుంది. బుద్ధి లేదా, కళ్ళు కనబడవా, ఆమాత్రం ఆగలేకపోయావా అని నిన్నే తిడతాను. ఆ తిట్లు నీవి కావు, మీ నాన్నవి. పక్కన కూచుని నువ్వు పడు.

పైన రాసినదంతా చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని, విగ్రహం గదిలోనే, నా చేత్తో సంతకం చేస్తున్నాను.

తేదీ: ఈ నెల పద్నాలుగు, గురువారం.

(సంతకం) టైలరమ్మ

సాక్షులు:

1. డాక్టరమ్మ. జ్ఞాపకం, మాట, కోపం, మూడూ ఈ రోజు సరిగానే ఉన్నాయని పరీక్షించి సంతకం చేశాను.

2. మ్యూజియం డైరెక్టరు. ఆవిడ చెప్పినట్టే, ముందు తాడు నా చేతులతో విప్పి, నాలుగు స్తంభాలతో సహా స్టోరుకి పంపించి, ఆ తర్వాతే కలం పట్టుకున్నాను. ఆఖరి గుండీ మొదటిసారి ఈ రోజే ముట్టుకుని చూశాను.