లాయరు గారి చొక్కా

అక్కకి,

నీ మేనకోడలి కాలేజీ ఫీజంతా ప్రభుత్వమే కడుతుందట! సంతోషంతో గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే సర్దుకుని చదువుకో. నేను పైన ఇస్త్రీ చేస్తుంటే బల్ల కింద కూర్చుని చదువుకున్న పిల్ల, ఇక ఇంజనీరవుతుందే!

దరఖాస్తు పెట్టాక, మేం నిజంగా లేనివాళ్ళమేనా అని చూడటానికి ఆఫీసరమ్మ ఇంటికే వచ్చింది. అంత పెద్దావిడ ముందు వెలిసిపోయిన చొక్కాతో నిలబడటానికి నాకు మనసొప్పలేదు. ఇస్త్రీకి వచ్చిన లాయరు గారి పట్టుచొక్కా తొడుక్కున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇలాంటి చొక్కా కొనగలిగిన వారికి సాయమెందుకండీ?" అంటూ పెన్ను మూసేసింది.

మన పిల్లే ముందుకొచ్చింది. "అది లాయరు గారిదండీ. మీరొస్తున్నారని తొడుక్కున్నాడు. మా నాన్న చొక్కా అదిగో, దండెం మీద," అని చూపించింది. ఆవిడ నవ్వాపుకోలేక పెన్ను మళ్ళీ తెరిచింది.

ఆవిడ వెళ్ళాక, "పరువు తీశావు కదే," అన్నాను.

"పరువు మళ్ళీ తెచ్చుకోవచ్చు నాన్నా. సీటు పోతే?" అంది. ఏం పిల్లక్కా! బెరుకనేదే లేదు.

ఇవాళ మంజూరు కాగితం వచ్చింది. కనబడిన ప్రతివాళ్ళకీ కథంతా చెప్పేశాను. బట్టల కోసం వచ్చిన లాయరు గారికి కూడా.

"నా చొక్కా తొడుక్కున్నావా?" అని ఆయన గయ్యిమన్నాడు.

"అదొక్కటే వినబడిందా సార్? మా అమ్మాయి కాలేజీకి వెళ్తోందండీ!" అన్నాను.

నీ తమ్ముడు