నీ కొడుకు ఎట్లాంటోడు అవ్వా?

నవంబర్ 3, మెసైమీర్, ఖతర్

సురేందర్‌కు ఇక్కడి సెక్యూరిటీ కాంట్రాక్టు జనవరితో అయిపోతుంది. నిజామాబాద్‌లో బ్యాంకు గన్‌మ్యాన్ పని ఇస్తామన్నారు, తుపాకీ లైసెన్సు చేతికొస్తేనే. మొన్న లీవుకు పోయినప్పుడు అప్లై చేసి వచ్చాడు. నా కొడుకు భుజాన తుపాకీ! రాకపోతే ఎట్లా అని ఒక భయం, వస్తే ఎట్లా అని ఇంకో భయం.

నవంబర్ 5

అసలు భయం నిన్నటిదాకా రాయలేదు. పదహారేళ్ళప్పుడు వాడు గంజాయి పొట్లంతో దొరికాడు. పిల్లల కోర్టు మందలించి నా వెంట పంపింది. లైసెన్సుకు అది అడ్డం వస్తుందా అని గజేందర్‌కు ఫోన్ చేశాను. మా మరిది కొడుకు, వకీలు. రాదు పెద్దమ్మా అన్నాడు. మైనర్ కేసును చట్టమే తుడిచేసిందట. తుపాకీ పట్టే హక్కు మన రాజ్యాంగంల లేదు గానీ, తుడిచిన మచ్చ మళ్ళ మొహానికి పూయకుండ బతికే హక్కు ఉన్నది అన్నాడు. నువ్వు నోరు మూసుకో చాలు, నీ నోరే మాకు అసలు కేసు అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

నవంబర్ 9, పొద్దున పది

కోడలు శోభ హాస్పిటల్ డ్యూటీలో ఉంది. సురేందర్ అల్ ఘర్రాఫా విల్లాల గేటు దగ్గర కాపలాలో. ఫోన్ మోగింది. మన ఠాణా కానిస్టేబుల్. లైసెన్సు విచారణకు ఊళ్ళో ఇంటికి పోతే తాళం ఉందట, పక్కింటి గౌరవ్వ నా నంబర్ ఇచ్చిందట. దుబాయ్‌ల మంచిగున్నవా అవ్వా అన్నాడు. ఖతర్ సారూ అన్నాను. నీ కొడుకు ఎట్లాంటోడు అన్నాడు. అంతే. అంతకన్నా ఒక్క ముక్క అడగలేదు.

బంగారం సారూ, గంజాయి జోలికి మళ్ళ పోనేలేదు అన్నాను.

అదే రోజు, సాయంత్రం

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాను. శోభ బీపీ చూసింది. గింత ఎక్కువుంది, ఏమైంది అత్తమ్మా అంది. పచ్చడిలో ఉప్పెక్కువైంది అన్నాను.

డిసెంబర్ 2

లైసెన్సు రాలేదు. గంజాయి అలవాటున్న మనిషి అని, ఆ సంగతి తల్లే స్వయంగా చెప్పిందని రాశారట. సురేందర్ తిట్టలేదు. బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. కోర్టు దాచింది, మా అవ్వ నోట్లనే దాగలేదు అన్నాడు శోభతో. నేను వంటింట్లోనే ఉన్నాను.

డిసెంబర్ 4

గజేందర్ అప్పీలు వేశాడు. పై ఆఫీసు వాళ్ళు నాతో మాట్లాడతారట. నోరు మూసుకుంట కొడుకా అన్నాను. ఈసారి తెరువాలె పెద్దమ్మా అన్నాడు. ఒక్క మాట నేర్పాడు.

ఠాణా ముందు నడవాల్సొస్తే రోడ్డు దాటి అవతల నడిచే మనిషిని. ఆ మాట నా నోట ఎట్లా వస్తుంది? పప్పు తాలింపు పెడుతూ అన్నాను. బాల్కనీలో పావురాలతో అన్నాను. అవి కూడా లెక్క చేయలేదు.

డిసెంబర్ 11

పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సురేందర్ నా చేతికే ఇచ్చాడు. చిన్నప్పటి గంజాయి కేసు నిజమేనా అని అడిగారు.

అది అడిగే హక్కు మీకు లేదు సారూ అన్నాను.

అటునుంచి కలం చప్పుడు వినబడింది. ఏం రాస్తున్నారో.