బాయిలరు, డాక్టరమ్మ కోటు, కూతురికి చెప్పని మాట

నేను, ఈ వీధి చివరి లాండ్రీకి సొంతదారుణ్ణి, పిల్లా పెద్దా అందరూ ఆవిరి బాబాయి అని పిలిచేవాణ్ణి, యాభై తొమ్మిదేళ్లవాణ్ణి, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. మూత్రపిండాలు రెండూ మూలపడ్డాయి గాని బుర్ర బాగానే ఉంది. పొద్దున్నుంచి గంజాయి ముట్టలేదు. ఆ సంగతి సాక్షులిద్దరూ వాసన చూసి మరీ నిర్ధారించుకున్నారు. ఇంతకుముందు నేను రాసినవి ఏవైనా బయటపడితే అవి చెల్లవు.

1. దీని అమలు బాధ్యత నా తమ్ముడికి అప్పగిస్తున్నాను. వాడి మీద నమ్మకం ఉండి కాదు. అంటించిన కవరు విప్పి చూసే ధైర్యం లేనివాడు మా వంశంలో వాడొక్కడే.

2. ముందు గది, అందులోని మంచం, బీరువా నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. పదకొండేళ్ల కిందట నా గంజాయి డబ్బా కాలువలో బోర్లించినందుకు ఆమెతో మాట మానేశాను. ఇప్పటికీ క్షమించలేదు. తన మాటే నెగ్గిందని ఆమె పొంగిపోనక్కర్లేదు. ఊపిరితిత్తులు పోతాయని కదా అప్పట్లో శాపనార్థాలు పెట్టింది! అవి నిక్షేపంలా ఉన్నాయి.

3. నా చేతి గడియారం మా షాపులో మరకలు తీసిన మనిషికి. వాంతులు మొదలైన కొత్తలో, మరకల మందు డబ్బాకి మూత పెట్టడం లేదనీ, ఆ కంపుకే నా కడుపు తిప్పేస్తోందనీ పదిమంది ముందూ తిట్టి అతన్ని గెంటేశాను. అతను మూత పెట్టే వెళ్లాడు. తర్వాత నేనే చూశాను. తిరిగి పిలిస్తే తప్పొప్పుకున్నట్టవుతుందని పిలవలేదు. గడియారం కూడా రోజుకి పావుగంట ఆలస్యంగా నడుస్తుంది.

4. డాక్టరమ్మకు ఆవిడ తెల్లకోటు. గంజాయి రోజుకి ఎన్నిసార్లు తాగుతావు, వేణ్ణీళ్లు పోసుకుంటే హాయిగా ఉంటుందా అని అడిగింది. ఉంటుంది. బాయిలరు గదిలో పైపు కింద గంటలు గంటలు నిలబడేవాణ్ణి, వీపు బొబ్బలెక్కినా సరే. లేదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగేవాళ్లలో కొందరికి ఈ వాంతుల జబ్బు పట్టుకుంటుందనీ, మానేస్తేనే పోతుందనీ, లేదంటే ఒంట్లో నీరంతా పోయి మూత్రపిండాలు దెబ్బతింటాయనీ అంది. కడుపులో తిప్పితే గంజాయే మందని విని పెరిగినవాణ్ణి నేను. నాతో కూర్చుని తాగినవాళ్లంతా రాళ్లు తిని అరిగించుకుంటున్నారు. నాకొక్కడికే రావడమేమిటి, నా బొంద! ఆవిడ కోటు మీదే జవాబు కక్కాను. ఉతకమని మా షాపుకే పంపింది పాపం. కక్షకొద్దీ ఉతక్కుండా మూల పడేశాను. దాన్ని శుభ్రం చేసి, ఇస్త్రీ మడత నలగకుండా ఇవ్వవలెను. ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. వేణ్ణీళ్లు పోస్తే అలాంటి మరక మరి జన్మలో వదలదు.

5. లాండ్రీ, బాయిలరుతో సహా, నా కూతురికి. చొక్కా కాలరుకి దానిలా ఇస్త్రీ చేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. తొమ్మిదో ఏట నా ఒళ్లో కూర్చుని గుండీలు కుట్టింది. ఇప్పుడు ఇరవై ఏడు. డాబా మీద నా పక్కన మొదటి దమ్ము లాగిన రోజున మురిసిపోయాను, తోడు దొరికిందని. నిరుటినుంచి దానికీ పొద్దున లేస్తే వాంతులే. అదీ పోయి పైపు కిందే నిలబడుతోంది. మరకల మందు కంపు పడలేదమ్మా, ఇంకో రెండు దమ్ములు లాగు, సర్దుకుంటుంది అని చెప్పింది నేనే.

6. ఇది ఆస్తి కాదు, అయినా రాస్తున్నాను. ఆసుపత్రిలో ఉన్న పంతొమ్మిది రోజులూ గంజాయి దొరకలేదు. ఐదో రోజుకి వాంతులు ఆగాయి. సెలైను మహిమ అని కూతురితో అన్నాను. ఇంటికొచ్చి వారం తాగానో లేదో మళ్లీ మొదలు. ఇంకోసారి మానేసి చూస్తే తేలిపోయేది. తేలిపోతుందనే చూడలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు ఒప్పుకోను, ఇరవై పాళ్లు సెలైనే అయ్యుండాలి. కానీ అమ్మా, నువ్వు మానెయ్. నన్ను తిట్టుకుంటూనైనా సరే, మానెయ్.

7. ఈ కవరు నేను పోయాకే విప్పాలి. అప్పటిదాకా ఇందులో ఒక్క ముక్క కూడా బయటికి రాకూడదు. నాకు ఇంకో మూడు నెలలున్నాయని డాక్టరమ్మ అంది, ఆవిడ మాట ఇంతవరకూ తప్పలేదు. ఆ మూడు నెలలూ నా కూతురు కక్కుతూనే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. దాని మొహంలోకి చూస్తూ తప్పు నాదే అనడం మాత్రం నా వల్ల కాదు. నాన్నకి అన్నీ తెలుసనుకునే మనిషి ఈ ఇంట్లో అదొక్కతే మిగిలింది.

కవరు అంటించడానికి జిగురు తెమ్మని దాన్నే కేకేశాను. తడిజుట్టుతో, గోడ పట్టుకుని వచ్చింది. ఏం రాస్తున్నానని అడగలేదు. నేనేమైనా తిన్నానా అని అడిగింది. జిగురు సీసా మూత తనే తీసిపెట్టి, మళ్లీ బాయిలరు గదిలోకి పోయింది.

తేదీ: 14 నవంబరు 2019
సంతకం: ఆవిరి బాబాయి

సాక్షులు (రాత చదవలేదు, సంతకం చేస్తుండగా చూశారు):
1. ఎదురు కొట్టు తాళాలాయన
2. మేడ మీద అద్దెకుండే లెక్కల మాస్టారు