పొయ్యి మీది పెళ్ళి రాయి

అక్టోబర్ 4
కౌన్సిల్ ఇంజనీరు వచ్చి వెళ్ళాడు. మా పొలంలోని పాత బురుజుకు గుమ్మం పైరాయి పోయిన చోట ఎప్పుడో పెట్టిన కర్ర దూలం పుచ్చిపోయిందట. నవంబర్ లోగా అక్కడ రాయి పడకపోతే గోడంతా కూల్చేస్తారట. దొంగల దండు వచ్చిన రాత్రుల్లో ఈ లోయ ఆవులన్నిటినీ కింది కమాను గదిలో దాచిన బురుజు అది. మనుషులు గోడ మందంలోని మెలికల మెట్లెక్కి పైన దాక్కునేవాళ్ళు. కూలనివ్వను. ప్రార్థనలోనూ అదే చెప్పుకున్నాను, మెల్లగా.

అక్టోబర్ 7
మేస్త్రీ నినియన్ కొలిచాడు. ఏడడుగుల రాయి కావాలి. క్వారీ నుంచి వచ్చేసరికి వసంతమే. మంచు పడితే సున్నం ఆరదు. పాత రాయి ఎక్కడికి పోతుందమ్మా, మీలోనే ఎవరో మోసుకుపోయి ఉంటారు అన్నాడు. నిజమే. బురుజు రాయి లేని దొడ్డి ఈ లోయలో లేదు.

అక్టోబర్ 9, ఆదివారం
చర్చి మెట్ల మీద మరిది గిడియన్‌ని అడిగాను, వాళ్ళ గొర్రెల దొడ్డి గుమ్మం రాయి ఇమ్మని. అందరూ వినేలా నవ్వాడు. నా గొర్రెల్ని వీధిన పడేసే ముందు మీ పొయ్యి మీద ఏముందో గీకి చూసుకో వదినా అన్నాడు. ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

అదే రోజు, సాయంత్రం
ఆదివారం పని చేయకూడదు కాబట్టి గీకలేదు. పొయ్యి గూటి పైన అడ్డంగా, సున్నం పూత కింద ఉన్న ఆ పొడుగు రాయిని చూస్తూ కూర్చున్నాను.

అక్టోబర్ 10
పూత ఊడొచ్చింది. రెండు పేర్ల మొదటి అక్షరాలు, మధ్య గుండె గుర్తు, 1587. బురుజు కట్టిన దంపతులు తమ గుమ్మం మీద చెక్కించుకున్న పెళ్ళి రాయి. దాని కిందే ఇన్నేళ్ళు జావ కాచాను.
మా ఆయన ఆడమ్ కుర్చీలోంచి కదల్లేదు. ఆ మొండిగోడ కోసం మొగుణ్ణి చలికి చంపుతావా అన్నాడు. మీ తాత అడిగి తెచ్చాడా అన్నాను. అంతే అన్నాను.

అక్టోబర్ 11
ఎప్పట్లాగే పొద్దున ఆయనే పొయ్యి రాజేశాడు.

అక్టోబర్ 13
లేచేసరికి పొయ్యి చల్లగా ఉంది. ఆయన రాజేయలేదు. గునపం పట్టుకుని నిలబడ్డాడు. అలా చూస్తావేం, ఎటునుంచి మొదలెట్టాలో ఆ మేస్త్రీని పిలిచి అడుగు అన్నాడు. సాయంత్రానికి గిడియన్ పిలవకుండానే ట్రాక్టర్ తెచ్చాడు. నా దొడ్డి బతికిపోయింది కదా వదినా, ఆ కృతజ్ఞత అన్నాడు.

అక్టోబర్ 20
రాయి ఎక్కింది. సున్నం మీద గోనెలు కప్పాం. ఇంట్లో కోట్లు వేసుకుని తింటున్నాం.

నవంబర్ 1
ఇంజనీరు తట్టి చూశాడు. ఉండనివ్వండి అన్నాడు.

నవంబర్ 6, ఆదివారం
వాన. చర్చి నుంచి వస్తూ బురుజు గుమ్మంలో ఆ రాతి కింద నిలబడ్డాను. మా పొయ్యి మసి కరిగి నా తెల్ల టోపీ మీద చుక్కలు చుక్కలుగా పడింది. తుడుచుకోలేదు.